కాలేజీ పిల్లల రేడియో – మన ఇంటి ఆరోగ్యానికి ఏం చేయగలదు?

నర్సింగ్ సూపరింటెండెంటు, పద్మనాభం



ప్రతి సంచికలోనూ బి.పి., షుగరు, గర్భిణీల ఆహారం గురించి రాసే మేము ఈసారి రేడియో గురించి రాస్తున్నామేమిటని మీరు అనుకోవచ్చు. అందులోనూ కాలేజీ పిల్లలు నడిపే రేడియో! కారణం ఉంది. ఆసుపత్రిలో మేము చెప్పే మాటకు, ఇంటికి వెళ్లాక జరిగే పనికి మధ్య చాలా దూరం ఉంటోంది. ఆ దూరం ఎలా తగ్గుతుందా అని వెతుకుతుంటే మాకు ఈ విషయం కనబడింది.

ఒక ఉదాహరణ చెబుతాము. గర్భిణీ స్త్రీలకు ఐరన్ మాత్రలు ఇస్తాము. రోజూ వేసుకోమని చీటీ మీద రాస్తాము, నోటితోనూ చెబుతాము. నాలుగు రోజులు వేసుకుంటారు. అయిదో రోజు విరేచనం నల్లగా అవుతుంది. "ఇదేదో పేగులు పాడుచేసే మందు" అని అత్తగారు అంటుంది, మాత్రలు గూట్లోకి పోతాయి. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లబడటం మామూలే, భయం లేదు. ఈ మాట మేమూ చెబుతాము, డాక్టరు గారూ చెబుతారు. అయినా గూట్లో మాత్రలు గూట్లోనే ఉంటాయి. కాన్పు రోజున ఆ అమ్మాయి ఒంట్లో రక్తం చాలదు. అప్పుడు మేము రక్తం కోసం విశాఖపట్నం పరుగులు పెడతాము.

అదే మాట పక్క వీధిలో నిరుడు బిడ్డను కన్న ఆడమనిషి చెబితే? "ఓలమ్మా, నాకూ నల్లగానే అయింది, ఏటీ అవలేదు, మందు మానకండి" అంటే? ఆ మాట మందు కంటే ముందు పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుగా వార్డుల్లో తిరిగిన మేము దీనిని కళ్లారా చూశాము. రోగి పక్క మంచం మీది మనిషిని నమ్మినంతగా తెల్ల చీర కట్టుకున్న మమ్మల్ని నమ్మడు. మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది గానీ, నిజం అది.

మరి ఆ పక్క మంచం మనిషి గొంతును ఊరందరికీ వినిపించేది ఏది? చిన్న రేడియో. పెద్ద రేడియోకు ఆ పని అంతగా కుదరదు. ఎందుకో చూద్దాము.

పెద్ద రేడియో, చిన్న రేడియో

మన ప్రాంతం వారికి రేడియో అంటే విశాఖపట్నం ఆకాశవాణి. 1963లో ఆ కేంద్రం మొదలైంది. పంచాయతీ ఆఫీసు గోడకు కట్టిన స్పీకరు కింద నిలబడి వ్యవసాయ కార్యక్రమం విన్న తాతలు ఇప్పటికీ మన ఓపీకి వస్తూనే ఉన్నారు. తుఫాను హెచ్చరికలకు, ధరలకు, నాటికలకు అదే దిక్కు. కాలేజీ పిల్లలకూ అందులో కొంచెం చోటు ఉండేది. 1969లో ఢిల్లీలో మొదలైన యువవాణి తరువాత ఇతర కేంద్రాలకూ వచ్చింది. విశాఖలో చదివే పిల్లలు సిరిపురంలోని కేంద్రానికి వెళ్లి, ఆడిషన్ ఇచ్చి, పది నిమిషాలు మాట్లాడి వచ్చి, ఆ రోజు హాస్టలంతా రేడియో చుట్టూ కూర్చుని వినేవారు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు మన సంఘాల్లో పెద్దలు. అడిగి చూడండి, ఆ పది నిమిషాలు ఇంకా పొల్లుపోకుండా చెబుతారు.

అయితే ఆకాశవాణి అనేక జిల్లాలకు ఒకేసారి మాట్లాడాలి. గోస్తని ఒడ్డున ఫలానా ఊరిలో బావి నీరు చెడిందని, ఈ బుధవారం టీకాలు ఎక్కడ వేస్తారని, రేవిడిలో నీళ్ల విరేచనాలు మొదలయ్యాయా లేదా అని చెప్పడం దాని పని కాదు. భాష కూడా అంతే. అందరికీ అర్థం కావాలి కనుక అది పుస్తకం భాషకు దగ్గరగా ఉంటుంది. మన అమ్మమ్మలు "రగతం లేదు" అంటారు, రేడియోలో "రక్తహీనత" అంటారు. విన్న అమ్మమ్మ అది తన జబ్బు కాదనుకుంటుంది.

చిన్న రేడియో అంటే సమాజ రేడియో. ఇంగ్లీషులో కమ్యూనిటీ రేడియో అంటారు. కాలేజీ ఆవరణలో ఉంటే క్యాంపస్ రేడియో అనీ అంటారు. దాని బలం మామూలుగా నూరు వాట్లు. పాతకాలపు పెద్ద బల్బు ఒకటి ఎంతో అంత! స్తంభం ఎత్తు ముప్పై మీటర్లు మించకూడదు. పది, పదిహేను కిలోమీటర్ల వరకు వినబడుతుంది, కొండలు అడ్డు వస్తే ఇంకా తక్కువ. దేశంలో చాలా చోట్ల ఈ స్టేషన్లు 90.4 అనే నంబరు మీదే ఎందుకు వస్తాయని మా నర్సింగ్ విద్యార్థినులు అడిగారు. బలం తక్కువ కనుక ఒకదాని మాట ఇంకొకదానిని తాకదు. ఒకే పేరు గల ఇద్దరు రెండు ఊళ్లలో ఉన్నట్టు.

ఇది పిల్లలకు ఎలా దక్కింది?

చాలా కాలం మన దేశంలో రేడియో అంతా ప్రభుత్వానిదే. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గాలిలో నడిచే తరంగాలు ప్రజల ఆస్తి అన్నది అందులో ముఖ్యమైన మాట. క్రికెట్ ప్రసారాల గురించి వచ్చిన గొడవ అది! ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు, జస్టిస్ పి.బి. సావంత్ మరొకరు. సావంత్ గారి పేరు కొంచెం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తరువాత 2002 చివరలో, పేరున్న విద్యాసంస్థలు తమ ఆవరణలో చిన్న రేడియో పెట్టుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం అన్నా ఎఫ్.ఎం. ప్రారంభించింది. దేశంలో మొదటి క్యాంపస్ సమాజ రేడియో అదే. 2006 నవంబరులో ఈ వీలు స్వచ్ఛంద సంస్థలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ వచ్చింది. 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో ఇటువంటి స్టేషన్లు 494 అయ్యాయి.

లైసెన్సు తీసుకున్నంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు మాట్లాడటానికి లేదు. కార్యక్రమాల్లో కనీసం సగం ఆ చోట తయారైనవే ఉండాలి, వీలైనంత వరకు ఆ చోటి భాషలో, యాసలో ఉండాలి. వార్తలు సొంతంగా చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించవచ్చు. ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డును మూడు నెలలు దాచాలి. ఈ చివరి నియమం చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. మా కేస్ షీట్ల గది గుర్తుకు వచ్చింది. ఏ చోటైనా నోటి మాట పోతుంది, రాసి పెట్టినది నిలుస్తుంది.

2024లో నియమాలు మార్చినప్పుడు సలహా సంఘంలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలన్నారు. మా మట్టుకు మాకు నచ్చిన మార్పు అది. ఇంట్లో ఎవరికి ఏ మందు ఎప్పుడు వేయాలో గుర్తుపెట్టుకునేది వారే కదా.

స్టేషను లోపల

కాలేజీ రేడియో అంటే పెద్ద మేడ అనుకోకండి. మామూలుగా ఒకటి రెండు గదులు. కిటికీలు ఉండవు, ఉన్నా మూసేస్తారు. గోడలకు మెత్తని స్పాంజి పలకలు, డబ్బు లేని చోట దళసరి తెరలు, గోనెలు. ఒక బల్ల, రెండు మైకులు, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే మిక్సరు, ఒక కంప్యూటరు. తలుపు పైన ఎర్ర లైటు. లైటు వెలిగితే ఎవరూ తలుపు తీయకూడదు. మైకులో ఫ్యాను చప్పుడు పడుతుంది కనుక రికార్డింగు వేళ ఫ్యాను కట్టేస్తారు. మే నెలలో మన కోస్తా ఉక్కలో ఆ గదిలో పావుగంట కూర్చున్న పిల్లలు తడిసి ముద్దయి బయటికి వస్తారు. ఆపరేషన్ థియేటరులో మాకు పట్టే చెమట వాళ్లకూ పడుతుందన్నమాట.

గోడ మీద డ్యూటీ చార్టు ఉంటుంది. సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు, ఎవరు మాట్లాడాలి, ఎవరు మిక్సరు చూడాలి, ఎవరు ఊళ్లోకి వెళ్లి రికార్డు చేసుకురావాలి. ఒకరు రాకపోతే ఇంకొకరు నిలబడాలి. గాలిలో ఖాళీ ఉండకూడదు. రెండు నిమిషాలు నిశ్శబ్దం వస్తే వినేవాళ్లు మీట తిప్పేస్తారు. ఒక డ్యూటీ వారు దిగేటప్పుడు తరువాత వారికి అప్పగింతలు చెప్పి వెళ్లాలి. "ఈ పాట అయిపోయింది, ఆ మాట ఇంకా వేయాలి, ఫలానా ఆవిడ ఫోను చేసింది, జవాబు చెప్పలేదు." నర్సింగ్ చదివిన ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

అసలు పని స్టేషను బయట ఉంటుంది. చేతిలో ఇమిడే రికార్డరు పట్టుకుని పిల్లలు పక్క వాడకు వెళ్తారు. మొదటి రోజు ఎవరూ మాట్లాడరు. "మాకేటి తెలుసు బాబూ, సర్పంచి గారినడగండి" అంటారు. రెండో రోజు టీ ఇస్తారు. మూడో రోజు మాట్లాడతారు, ఇక ఆపడం కష్టం. వెనుక కోడి కూస్తుంది, మోటారు ఆన్ చేస్తారు, బస్సు హారన్ కొడుతుంది. వాటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తిరిగి వచ్చాక కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చుంటారు. పావుగంట కార్యక్రమం వెనుక ఒక రోజు పని ఉంటుంది. కోడి కూతను ఉంచేసేవారే తెలివైనవారని మా అభిప్రాయం. ఆ కూత వినగానే ఇది మన ఊరి మాటే అని తెలిసిపోతుంది.

ఈ పనిలో పిల్లలు మారతారు. క్లాసులో నోరు విప్పని అమ్మాయి మైకు ముందు గలగలా మాట్లాడుతుంది, ఎవరూ తనను చూడటం లేదు కనుక. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగులో ఒక వాక్యం పూర్తి చేయలేని అబ్బాయి కాయగూరలమ్మే అవ్వ దగ్గర భాష నేర్చుకుంటాడు. రసాయన శాస్త్రం చదివేవాడు, కామర్సు చదివేది, క్యాంటీను కుర్రవాడు, తోటమాలి ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు కాలేజీలో ఇంకెక్కడ ఉంటుంది?

గోడకు అవతల

మా దృష్టిలో కాలేజీ రేడియోకు ఒకే ఒక పరీక్ష ఉంది. కాంపౌండు గోడకు అవతల ఉన్నవారు అందులో మాట్లాడుతున్నారా లేదా? వినడం కాదు, మాట్లాడటం.

తమిళనాడులోని తిరుచిరాపల్లిలో సిస్టర్లు నడిపే హోలీక్రాస్ మహిళా కళాశాల ఉంది. 2006 చివరిలో అక్కడ సమాజ రేడియో మొదలైంది. విద్యార్థినులు దగ్గరలో ఉన్న పేద వాడల వారి కోసం, వారితో కలిసి కార్యక్రమాలు చేశారు. ఆరోగ్యం, పిల్లల చదువు, పరిశుభ్రత, చేతిపనులు వారి విషయాలు. చెన్నైలో అన్నా ఎఫ్.ఎం. కూడా చుట్టుపక్కల వాడల స్త్రీలను స్టూడియోకు పిలిచి ఆరోగ్యం, పోషకాహారం గురించి వారి చేతనే మాట్లాడించింది. ఇంజినీరింగు చదువుకునే చోట వంటింటి మాటలా అని మొదట నవ్విన వారు లేకపోలేదు. కానీ రోగాలు సగం వంటింట్లోనే పుడతాయి, వంటింట్లోనే పోతాయి.

మన తెలుగు ప్రాంతాల్లోనూ ఉన్నాయి. భీమవరంలో విష్ణు మహిళా ఇంజినీరింగు కళాశాల ఆవరణ నుంచి రేడియో విష్ణు 90.4 మీద విద్యార్థినులే మాట్లాడారు. చుట్టూ వరి చేలు, చేపల చెరువులు ఉన్న నేల అది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ అనే స్టేషను జర్నలిజం, కమ్యూనికేషను చదివే విద్యార్థులకు చేతి పని నేర్పే చోటు. అదే విశ్వవిద్యాలయంలోని వినోద్ పావురాల, కాంచన్ మలిక్ గార్లు మన దేశ సమాజ రేడియో మీద 2007లో ఒక పుస్తకం రాశారు. ఈ రంగంలో పనిచేసేవారు దానిని తప్పకుండా చదువుతారు.

కాలేజీ కాకపోయినా ఒక స్టేషను గురించి చెప్పక తప్పదు. పిల్లలందరూ నేర్చుకోవలసినది అక్కడ ఉంది. అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గర మాచునూరు అనే పల్లెలో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత స్త్రీల రేడియో అది. 2008 అక్టోబరు 15న దానిని ప్రారంభించినది, పైన చెప్పిన జస్టిస్ సావంత్ గారు. గాలి ప్రజలదని తీర్పు రాసిన చేయి, పొలం పనులు చేసుకునే స్త్రీల స్టేషనును ప్రారంభించింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దానిని నడిపారు. ప్రసారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు. ఎందుకంటే అప్పటికి పొలం నుంచి వచ్చి, పొయ్యి వెలిగించి ఉంటారు. విత్తనాలు, చిరుధాన్యాలు, నాటు వైద్యం, పాటలు, అన్నీ అక్కడి యాసలో ఉంటాయి.

మేము ఎక్కువగా మెచ్చుకునేది ఇంకొకటి. లైసెన్సు రావడానికి దాదాపు పదేళ్ల ముందు నుంచే ఆ స్త్రీలు కార్యక్రమాలు రికార్డు చేశారు. గాలిలోకి పంపడానికి అనుమతి లేదు కనుక క్యాసెట్లు పట్టుకుని సంఘాల సమావేశాలకు వెళ్లి, టేపు రికార్డరులో వేసి వినిపించారు. విని ఏమన్నారో అడిగి మళ్లీ మార్చారు. కనుక గాలి దొరికే నాటికి మాట సిద్ధంగా ఉంది. మన చదువుకున్న వారు దీనికి వ్యతిరేకంగా చేస్తారు. ముందు యంత్రాలు కొంటారు, రిబ్బను కత్తిరిస్తారు, ఆ తరువాత ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తారు.

మిషను కళాశాలకు ఇది కొత్త కాదు

సంఘ కుటుంబాల వారికి ఈ సంగతి ఆనందం కలిగిస్తుంది. మన దేశంలో కాలేజీ నుంచి పల్లెకు రేడియో వెళ్లడం 2004లో మొదలు కాలేదు. అలహాబాదు దగ్గర నైనిలో శామ్ హిగిన్‌బాటమ్ అనే అమెరికన్ మిషనరీ 1910లో వ్యవసాయ విద్యాసంస్థ స్థాపించారు. 1930ల మధ్యలో, ఆకాశవాణి ఇంకా కాళ్లు కూడదీసుకుంటున్న రోజుల్లో, ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల రైతుల కోసం చిన్న ప్రసారం నడిపింది. ఇప్పుడు విశ్వవిద్యాలయమైన అదే సంస్థ ఈ కాలంలో రేడియో అదన్ పేరుతో సమాజ రేడియో పెట్టింది.

సముద్రాల అవతల కొలంబియా దేశంలో సుతతెన్సా అనే కొండ గ్రామం ఉంది. 1947లో హోసే హోకిన్ సాల్సెదో అనే యువ పాదిరి అక్కడ చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టారు. చదువు రాని రైతులు ఇరుగుపొరుగుతో కలిసి ఒక ఇంట్లో రేడియో చుట్టూ కూర్చునేవారు. అక్షరం వచ్చిన ఒకరు పలక మీద రాసి చూపేవారు. అక్షరాలతో పాటు చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి కట్టుకోవడం, బావి నీటిని కాపాడుకోవడం నేర్పారు. దేశమంతా పాకిన ఆ రేడియో 1989లో మూతపడింది. దాని బలం రేడియో పెట్టెలో లేదు. పలక పట్టుకుని పక్కన కూర్చున్న ఆ పొరుగు మనిషిలో ఉంది.

ఎక్కడ చెడిపోతుంది?

మంచి మాత్రమే చెబితే మీరు మమ్మల్ని నమ్మరు. కాలేజీ రేడియోలు చాలా చోట్ల నీరసపడతాయి. మొదటి సంవత్సరం ఉత్సాహం ఉంటుంది, రెండో సంవత్సరం సెమిస్టరు పరీక్షలు ఉంటాయి, మూడో సంవత్సరం పిల్లలు వెళ్లిపోతారు. పని తెలిసిన వాడు వెళ్లేటప్పుడు కొత్తవాడికి నేర్పకపోతే స్టేషను మళ్లీ మొదటి రోజుకు వస్తుంది. సెలవుల్లో తాళం పడుతుంది. జబ్బులకు మాత్రం సెలవులు ఉండవు. వానాకాలం మొదట్లో, నీళ్లు కలుషితమయ్యే వేళకు, కాలేజీలు అప్పుడే తెరుస్తుంటాయి.

డబ్బు మరో బాధ. ప్రకటనలకు అనుమతి ఉంది. 2024 నియమాల ప్రకారం గంటకు పన్నెండు నిమిషాల వరకు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటనలకు పది సెకన్లకు 74 రూపాయలు. ఇది కరెంటు బిల్లుకు సాయం, అంతే. కాలేజీ యాజమాన్యం చేయి తీసేస్తే నిలబడటం కష్టం.

అన్నిటికంటే పెద్ద చేటు, పిల్లలు తమలో తాము మాట్లాడుకోవడం. సినిమా పాటలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, కాలేజీ డే, ప్రిన్సిపాలు గారి సందేశం. అందులో తప్పేమీ లేదు, వయసు అటువంటిది. కానీ గోడకు అవతలి అమ్మ ఒకసారి విని, "ఇది మనది కాదులే" అని మీట తిప్పేస్తే తిరిగి రాదు.

ఇప్పుడు రేడియో ఎవరు వింటారండీ, అందరి చేతుల్లో ఫోన్లే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ బటన్ల ఫోన్లు చాలా వాటిలో ఎఫ్.ఎం. ఉంటుంది. ఇయర్‌ఫోను తీగ గుచ్చితే అదే ఏరియల్‌గా పనిచేస్తుంది. డేటా ఖర్చు లేదు. ఎఫ్.ఎం. ఉన్న ఫోన్లలో దానిని మూసివేయవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన మీదుగా పోయినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ దారి తెరిచారు అని ఊరి మాట ఊరికి చెప్పే గొంతు లేక అందరమూ అవస్థ పడ్డాము. అంతకు ఏడాది ముందు, 2013లో ఫైలిన్ తుఫాను ఒడిశా తీరాన్ని కొట్టినప్పుడు కోణార్కులోని రేడియో నమస్కార్ అనే సమాజ రేడియో అక్కడి పల్లెలకు హెచ్చరికలు చెప్పింది. బ్యాటరీ మీద నడిచే చిన్న రేడియో విలువ అటువంటి రాత్రి తెలుస్తుంది.

మైకులో ఆరోగ్యం ఎలా చెప్పాలి?

ఇది మా పని కనుక కొంచెం విడమరిచి చెబుతాము. మన పిల్లల్లో ఎవరైనా ఏ కాలేజీలోనైనా ఇటువంటి స్టేషనులో చేరితే పనికివస్తుంది.

ఒకసారికి ఒకే మాట. నీళ్ల విరేచనాల గురించి చెప్పాలంటే దాని కారణాలు, రకాలు, నివారణ అన్నీ అయిదు నిమిషాల్లో కుక్కకండి. "లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు" అని చెప్పండి. స్పూను గుండుగా కాదు, తలం సరిగ్గా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే మేలు. ఇంతే చెప్పి, ఉదయం, సాయంత్రం, మర్నాడు మళ్లీ అదే చెప్పండి. మీకు విసుగు పుట్టే వేళకు వారికి గుర్తుండటం మొదలవుతుంది.

భయపెట్టకండి. క్షయ గురించి చెబుతూ వెనుక శోక సంగీతం వేస్తే దగ్గుతున్న మనిషి దాక్కుంటాడు. రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే ఆకలి వేసి, ఒళ్లు చేసి, బాగుందని మానేస్తారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాటను డాక్టరు చేత కాకుండా, ఆరు నెలలూ వాడి పనిలోకి వెళ్తున్న ఒక తాపీ మేస్త్రి చేత, అతనికి ఇష్టమైతే, పేరు చెప్పకుండా మాట్లాడించండి.

పాము కాటు మన మెట్ట పొలాల్లో ప్రతి వానాకాలం ఉన్నదే. గట్టిగా తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు తీసేయాలి, కాలు గానీ చేయి గానీ కదలకుండా చూసి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి రావాలి. ఇది పాటగా కట్టినా తప్పు లేదు, మన జముకుల కథల వారిని అడిగితే కట్టిపెడతారు. మంత్రం వేసే వారిని మైకులో తిట్టకండి. తిడితే వారి వైపు ఉన్న ఊరు మీకు దూరమవుతుంది. "మంత్రం తరువాత వేయించుకోండి, ముందు ఇంజెక్షను" అంటే వింటారు.

అడగకుండా ఎవరి జబ్బునూ ఎవరి పేరునూ చెప్పకండి. ఇది మా వృత్తిలో మొదటి పాఠం, మీ వృత్తిలోనూ అంతే. పల్లెలో పేరు చెప్పకపోయినా గొంతు విని గుర్తుపడతారు. ముందుగా ఆ మనిషికే వినిపించి, సరేనన్నాకే ప్రసారం చేయండి.

మన ఓపీ హాలులో

మాకు స్టేషను లేదు, పెట్టే శక్తి ఇప్పుడు లేదు. కానీ మాచునూరు స్త్రీలు పదేళ్లు స్టేషను లేకుండానే పనిచేశారని పైన చదివారు. అందుకని మా నర్సింగ్ విద్యార్థినులు, సంఘంలోని డిగ్రీ చదివే పిల్లలు కలిసి ఒక చిన్న పని తలపెట్టారు. వాళ్ల సెల్‌ఫోన్లలోనే రికార్డు చేస్తారు. ఓపీ హాలులో చీటీ కోసం మీరు కూర్చునే వేళ, ప్రతి బుధవారం టీకాల రోజున, స్పీకరులో పావుగంట వినిపిస్తారు. మొదటి నెల ఐరన్ మాత్రల గురించి. ఆ మాత్రలు పూర్తిగా వాడి, బిడ్డను కని, మాట్లాడటానికి ఒప్పుకున్న తల్లులు కావాలి. యాస ఎలా ఉన్నా పరవాలేదు, అలా ఉంటేనే మేలు. పెళ్లయిన ఆడపిల్లల అత్తలు కూడా రావాలని మా ప్రత్యేక మనవి, ఎందుకంటే గూట్లో మాత్రలు పెట్టేది వారే.

రాదలచినవారు శనివారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత నర్సింగ్ ఆఫీసులో అడగండి. ఫ్యాను కట్టేసి కూర్చోవలసి వస్తుంది కనుక చేతి రుమాలు తెచ్చుకోండి.